అన్నం మీద చదివిన మంత్రం

నాగాయలంక,
20-6-1999.

నా బంగారుతల్లి వందనకి,

మీ నాన్న నెత్తిన చెయ్యి పెట్టి దీవించి రాసేది. ముందు ఇక్కడి క్షేమాలు రాసి, అక్కడి క్షేమాలు అడిగి, ఆ తర్వాత విషయంలోకి రావాలని నాకూ తెలుసు. కానీ ఆగలేకపోతున్నాను. మూడు పేజీలు రాశావమ్మా! ఏప్రిల్లో వచ్చి జీవన్ సంగతి చెప్పావు. నేను ఔననలేదు, కాదనలేదు. కండువా వేసుకుని చేలోకి వెళ్ళిపోయాను. అప్పటినుంచీ నీ దగ్గర్నుంచి వచ్చినవన్నీ కార్డు ముక్కలే. ‘బాగున్నాను. మీరు బాగున్నారని తలుస్తాను.’ అంతే. అలాంటిది, ఆదివారాలు ఏం చేస్తుంటావమ్మా అని ఒక్క మాట అడిగినందుకు మూడు పేజీలు! మీ అమ్మకి చదివి వినిపించాను. పోస్టుమాన్‌కి కూడా వినిపించబోతే మీ అమ్మ కళ్ళెర్రజేసింది.

నువ్వు రాసిన ఆదివారపు ఆట నాకు అర్థమైనంత చెబుతాను, తప్పయితే దిద్దు. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ కృపావతి మేడంగారి డాబా మీద గదిలో చేరతారు. జీవన్ బెంగుళూరులో చదువుకున్నప్పుడు తెచ్చిన ఇంగ్లీషు ఆట పుస్తకం జిరాక్సు ముందు పెట్టుకుని కథ చెబుతాడు. మిగతా ముగ్గురూ ఆ కథలో మనుషులు. మేడంగారు కత్తి పట్టిన వీరురాలు. బ్యాంకులో పనిచేసే వీరేంద్ర దొంగ. (ఇక్కడ మీ అమ్మ, “అది మాత్రం కథ కాదు” అంది.) నువ్వు పూజారిణివి. ఏం చేస్తారో మీరు నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో, ఒకటి నుంచి ఇరవై దాకా ఉన్న తంబోలా బిళ్ళల్లో ఒకటి తీసి తేలుస్తారు, ఎంత పెద్ద అంకె వస్తే అంత మంచిది. అంతేనా?

నిప్పులు కురిపించే మంత్రాలు, పిడుగులు పడే మంత్రాలు ఉన్నా నువ్వు పాడైపోయిన అన్నాన్నీ నీళ్ళనీ శుభ్రం చేసే మంత్రం తీసుకున్నావని చదివి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పురుగు పట్టిన బియ్యమైనా, విషం కలిపిన నీళ్ళైనా మంత్రం పడితే తినడానికీ తాగడానికీ పనికొస్తాయట! ఉప్పెన వచ్చిన ఏడు నీకు మూడేళ్ళు. మన బావిలో నీళ్ళు నోట్లో పోసుకుంటే నోరు పొక్కిపోయేది. అప్పుడుండాల్సిందమ్మా నీ మంత్రం.

నాకు కొన్ని అనుమానాలున్నాయి. ఆ అబ్బాయినే అడిగి రాయి. పెరుగు మీద మంత్రం వేస్తే మళ్ళీ పాలైపోతుందా? చద్దన్నం వేడన్నం అయిపోతుందా? అలాగైతే నాకొద్దు ఆ మంత్రం. ఇంకో మాట, ఎంగిలి పోతుందా? ఒకరు కొరికిన జామకాయ మీద చదివితే ఇంకొకరు తినొచ్చా?

ఇవన్నీ ఫోన్లో అడుగుదును గానీ, మన ఎస్టీడీ బూత్ నాంచారయ్య సంగతి నీకు తెలుసుగా. మనం లోపల మాట్లాడుతుంటే బయట నుంచి సలహాలిస్తాడు. నువ్వు ఉత్తరమే రాయి. కాలవలకి నీళ్ళు వదిలారు. నారుమడి దున్నిస్తున్నాను.

నీ నాన్న,
శోభనాద్రి.


గుడివాడ,
28-6-1999.

నాన్నా,

నీ అనుమానాలు నిన్న డాబా గదిలో చదివాను. ఆట ఆగిపోయింది. గంటసేపు అందరూ పెరుగు మీదే కొట్టుకున్నారు.

పెరుగు పెరుగే. జీవన్ అన్నదేమిటంటే, ఆ మంత్రం అడిగే ప్రశ్న ఒకటే: ఇది తినడానికి పనికొస్తుందా, రాదా? పెరుగు పనికొస్తుంది కాబట్టి దాని జోలికి పోదు. చద్దన్నం అలాగే. కృపావతి గారు ఊరుకోలేదు. “మా ఆయన చద్దన్నం చూస్తే పాడైందంటారు, నేను అమృతమంటాను. మంత్రం ఎవరి మాట వింటుంది?” అన్నారు. వీరేంద్ర, “సార్ ఇంట్లో ఉన్నారు, నెమ్మదిగా మాట్లాడండి” అన్నాడు. ఇంకో సంగతి: మంత్రం వేశాక మళ్ళీ పాడైతే దానికి పూచీ లేదు. అప్పటికప్పుడు తినేయాలి.

ఎంగిలి దగ్గర మాత్రం జీవన్ చిక్కుకుపోయాడు. పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాడు. “కుళ్ళు ఉంది, విషం ఉంది, రోగం ఉంది. ఎంగిలి లేదండీ. ఇంగ్లీషులో అసలా మాటే లేదు” అన్నాడు. మైల, అంటు అన్నవాటికీ మాటల్లేవట. వచ్చే ఆదివారం చెబుతానని వాయిదా వేశాడు. “మీ నాన్నగారిని ఆటలోకి తీసుకురాకూడదూ, పుస్తకం మళ్ళీ రాయించేస్తారు” అన్నాడు.

నాన్నా, ఇప్పుడు అసలు సంగతి. జీవన్ వాళ్ళ నాన్నగారు దయానందం మాస్టారు, అమ్మగారు రమణమ్మ గారు, మిమ్మల్నిద్దర్నీ బందరులో వాళ్ళింటికి భోజనానికి పిలవమన్నారు. ఆగస్టు పదిహేను, ఆదివారం. సెలవు కాబట్టి మేమూ ఉంటాం.

వాళ్ళు దళిత క్రైస్తవులని నీకు ఏప్రిల్లోనే చెప్పాను. మనవాళ్ళు వాళ్ళ పేటకి వెళ్తే ఏం చేస్తారో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. గుమ్మం ముందు కుర్చీలో కూర్చుంటారు. నవ్వుతూ మాట్లాడతారు. అప్పటికప్పుడు కొట్టిన కొబ్బరిబొండం తాగి, “కడుపు నిండిందండీ” అని లేస్తారు. బొండంలో నీళ్ళకి ఎవరి చెయ్యీ తగలదు కదా. నువ్వు అలా చేస్తే అసలు రాకపోయినా బావుండుననుకుంటాను నాన్నా. నేను పెళ్ళికి ఒప్పుకోమని అడగడం లేదు. వాళ్ళింట్లో అన్నం తింటావా? ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు తింటే మిగతావన్నీ మాట్లాడుకోవచ్చు. తినకపోతే మాట్లాడుకునేదేం ఉండదు.

నీ
వందన.


నాగాయలంక,
3-7-1999.

నా చిట్టితల్లీ,

వస్తున్నాను! తింటాను! చూశావా, మొదటి మాటలోనే చెప్పేశాను, నీ గుండె దడదడలాడకుండా!

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. నీ మాట కాదనలేను. అలాగని పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేయని పని ఒక్కసారిగా ఎలా చేయను? పొద్దున చేలో గట్టు మీద కూర్చుని ఇదే ఆలోచిస్తుంటే ఠక్కున తట్టింది. అయ్యో పిచ్చివాడా, నీ కూతురి దగ్గర మంత్రం ఉందిగా! అనుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పక్క చేలో గట్లు చెక్కుతున్నవాళ్ళు ఏమైందండీ అని అడిగారు.

ఆ మంత్రం ఉత్తరంలో రాసి పంపు. సంస్కృతమైనా, ఇంగ్లీషైనా సరే, తెలుగు అక్షరాల్లో రాస్తే చాలు. నేను బట్టీ పడతాను. ఐదో తరగతితో చదువు ఆపినా బట్టీలో నన్ను కొట్టినవాడు లేడు. వాళ్ళింట్లో విస్తరి ముందు కూర్చున్నాక, దేవుణ్ణి తలుచుకుంటున్నట్టు కళ్ళు మూసుకుని మనసులో చదివేస్తాను. ఎవరికీ తెలీదు. వాళ్ళూ భోజనానికి ముందు ప్రార్థన చేసుకుంటారుగా, కలిసిపోతుంది. ఆ తర్వాత హాయిగా తింటాను. కడుపారా తింటాను. నీ మాటా నిలబడుతుంది, నా పట్టింపూ నిలబడుతుంది. ఎలా ఉంది?

ఈ ఉపాయం మీ అమ్మకి చెప్పాను. వత్తులు చేసుకుంటున్నదల్లా ఆపి నా మొహం వంక చూసింది. “ఆ ఉత్తరం పోస్టులో వెయ్యకండి” అంది. ఎందుకే అంటే చెప్పదు. దానికి ఆట అర్థం కాలేదులే. ఇప్పుడే వెళ్ళి వేసేస్తున్నాను. డబ్బాలోంచి తీసే వేళ దాటకూడదు.

పట్టలేని సంతోషంతో,
నాన్న.


గుడివాడ,
6-7-1999.

నాన్నగారికి,

మీ ఉత్తరం అందింది.

మీరడిగిన మంత్రం పుస్తకంలో లేదు. మంత్రం వేస్తే ఏమవుతుందో రాసి ఉంటుంది గానీ మాటలు రాసి ఉండవు. ఉన్నా పంపేదాన్ని కాదు.

మొన్న ఆదివారం ఏం జరిగిందో చెబుతాను. కథలో మేము ఏరు దాటి ఒక ఊరు చేరాం. ఊరికి దూరంగా కొన్ని ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళలో వంట మైల అని ఊళ్ళోవాళ్ళు మాకు ముందే చెప్పారు. మా దగ్గర తినడానికేం లేదు. ఆ ఇళ్ళలో ఒక ముసలమ్మ పిలిచి ఆకులు వేసి వడ్డించింది. నేను ఆలోచించనైనా లేదు నాన్నగారూ. “మంత్రం వేస్తున్నాను” అనేశాను. ఆట మొదలైన దగ్గర్నుంచీ ఎక్కడ తిండి కనబడినా అదే మాట అంటున్నాను కదా, అలవాటైపోయింది.

జీవన్ నా వంక చూశాడు. బిళ్ళ తీయమన్నాడు. ఇరవై వచ్చింది. అంతకన్నా పెద్దది లేదు. “మంత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. అన్నంలో ఏమీ మారలేదు” అన్నాడు. అదేమిటి, వృథా అయిందా అన్నాను. “వృథా ఎందుకవుతుంది? పోవలసింది ఏదైనా ఉంటే పోయేది” అన్నాడు. మీ ఎంగిలి ప్రశ్నకి జవాబు అలా చెబుదామనుకున్నాడట, నవ్వుతూనే చెప్పాడు. కానీ కథ ఆపలేదు. ముసలమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఇదంతా చూసిందన్నాడు. ఆవిడ గొంతుతో, “నా అన్నం మీద ఏం చదివావమ్మా?” అని అడిగాడు.

నేను చేతిలో బిళ్ళ బోర్లించి పెట్టాను. కృపావతి గారు లేచి టీ పెట్టడానికి వెళ్ళారు. ఆట అక్కడితో ఆపేశాం.

మర్నాడు మీ ఉత్తరం వచ్చింది.

మీరు కళ్ళు మూసుకుని చదువుకుంటే ఎవరికీ తెలీదని రాశారు. నాకు తెలుస్తుంది. నేను ఆ గదిలోనే ఉంటాను. రమణమ్మ గారికీ తెలుస్తుందనుకుంటాను. వడ్డించేవాళ్ళు తినేవాళ్ళ మొహాలే చూస్తుంటారు. మీకు అంత ఇబ్బందైతే రావద్దు. ఏదో ఒకటి నేను చెప్పుకుంటాను.

వందన.


నాగాయలంక,
12-7-1999.

అమ్మా వందనా,

నన్ను ‘మీరు’ అన్నావు. ఉత్తరం అంతా వెతికాను, ఎక్కడైనా ఒక్క ‘నువ్వు’ దొరుకుతుందేమోనని. దొరకలేదు.

మీ అమ్మ చదివి, “చెప్పానా?” అంది. ఆపైన కూడా చాలా చెప్పింది, అవన్నీ రాయను. ఆఖర్న ఒక మాటంది, అది రాస్తాను. “మీరు తినకపోతే మానెయ్యండి. నేను వెళ్ళి తినొస్తాను. మీకు అరటిపండు తెస్తాను, తొక్క ఒలుచుకుని తినండి.” ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, దీనికింత నోరుందని నాకిప్పుడు తెలిసింది.

ఉపాయం దొరికిందన్న సంతోషంలో ఉన్నానమ్మా, అది ఎవరికి గుచ్చుకుంటుందో చూసుకోలేదు. నీకు నచ్చుతుందనే అనుకున్నాను. నీకు ఉత్తరం వేసి వస్తూ దారిలో పాట కూడా పాడుకున్నాను. ఇప్పుడు కంచం ముందు కూర్చుంటే ఆ ముసలమ్మ గరిటె పట్టుకుని నిలబడ్డట్టే ఉంటోంది. కథలో మనిషి నా ఇంట్లోకి ఎలా వచ్చిందో!

మంత్రం వద్దు. ఆ మాట వదిలేశాను. అయితే ఒక్కటి నీకు దాచకుండా చెబుతాను, కోప్పడకు. తింటానని మాటివ్వడానికి నాకు భయంగా ఉంది. మనసు సరేనంటోంది. గొంతు మాట వింటుందో లేదో తెలీదు. నలుగురిలో ముద్ద నోట్లో పెట్టుకున్నాక అది దిగకపోతే? పొలమారితే? వాంతి వస్తే? నేను రాకపోతే వాళ్ళకి కలిగే బాధ కన్నా, వచ్చి అలా చేస్తే కలిగే బాధ ఎక్కువ కదమ్మా. నీ ముందు, నువ్వు చూస్తుండగా అలా జరిగితే మళ్ళీ నీ మొహం ఎలా చూడను?

నారు పచ్చబడింది. ఇంకో సంగతి. ఆ ముసలమ్మకి ఏం చెప్పావు? అది తెలిసేదాకా నాకు తోచడం లేదు.

నీ నాన్నే,
శోభనాద్రి.


గుడివాడ,
19-7-1999.

నాన్నా,

నువ్వు, నువ్వు, నువ్వు. సరిపోయిందా? ఇంకా కావాలంటే కింద రాస్తాను.

నీ గొంతు సంగతి చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నీది పట్టింపు అనుకున్నాను. భయమని తెలీదు. పట్టింపుతో ఎలా మాట్లాడాలో నాకు తెలీలేదు గానీ, భయపడే మనిషితో మాట్లాడొచ్చు.

నిన్న ఆట మళ్ళీ అదే ముసలమ్మ ఇంటి దగ్గర మొదలైంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. “అలవాటు కొద్దీ చదివానమ్మా. నీ అన్నానికి అవసరం లేదు. నాదే తొందరపాటు.” ఇలాంటప్పుడు జీవన్ పుస్తకంలో వెతుకుతాడు. ఈసారి వెతకలేదు. ముసలమ్మ చేత ఒక్క మాట అనిపించాడు. “సరేలే, చల్లారిపోతోంది.” అంతే. వీరేంద్ర నాలుగోసారి పెట్టించుకుంటున్నానని ప్రకటించాడు, దొంగ కదా. నేను తిన్నానన్నాను. అందరం తిన్నాం.

తర్వాత బస్టాండు దాకా నడుస్తూ, అలా ఎలా అనిపించావని జీవన్ని అడిగాను. వాళ్ళమ్మ అంతేనట. ఇంట్లో ఎంత పెద్ద గొడవైనా ఆవిడ చెప్పే తీర్పు అదేనట, చల్లారిపోతోంది అని.

నాన్నా, నీ ముద్ద దిగకపోతే మంచినీళ్ళు తాగు. అప్పటికీ దిగకపోతే లేచి పెరట్లోకి వెళ్ళు. నేను వెనకాలే వస్తాను. అంతకన్నా ఏమవుతుంది? ఆగస్టు పదిహేనుకి ఇంకా టైముంది. మాటివ్వక్కర్లేదు. వస్తే రా.

నీ
వందన.


మచిలీపట్నం,
29-7-1999.

నా తల్లీ! నా బంగారుకొండా! వందనా!

పైన ఊరి పేరు మళ్ళీ ఒకసారి చూడు! పొరపాటున రాయలేదు. దయానందం మాస్టారింటి వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, మాస్టారి కాగితం మీద, మాస్టారి కలంతో రాస్తున్నాను. ఆయన నా పక్కన మంచం మీద గురక పెడుతున్నారు. రిటైరైనా తెలుగు మాస్టారు కదా, గురక కూడా గణాలు విడగొట్టినట్టే ఉంది.

నీతో చెప్పకుండా వచ్చాను. మీ అమ్మకి ఎరువుల కొట్టుకని చెప్పాను. పదిహేనో తారీఖున నీ ముందు పరీక్ష రాసే ధైర్యం లేక, ఎవరూ లేకుండా ఒకసారి వచ్చి చూసుకుందామనుకున్నాను. దిగితే దిగుతుంది. దిగకపోతే నీ కళ్ళ ముందు కాదు కదా. అవనిగడ్డలో బస్సు మారాను. చల్లపల్లిలో దిగి వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. దిగాను కూడా. కండక్టరు, “పెద్దాయనా, మీ టిక్కెట్టు బందరుకి” అని రెక్క పట్టుకుని ఎక్కించాడు.

మధ్యాహ్నం వేళకి ఇల్లు పట్టుకున్నాను. మాస్టారు బనీనుతో పేపరు చదువుకుంటున్నారు. నేను ఫలానా అనగానే గబగబా లోపలికి పరిగెత్తి చొక్కా వేసుకొచ్చారు. తప్పు గుండీ పెట్టుకున్నారు, ఇప్పటికీ అలాగే ఉంది. రమణమ్మ గారు వంటింట్లోంచి తొంగి చూసి బిత్తరపోయింది. “అన్నయ్యగారా! ఒక కార్డు ముక్క రాయకూడదా అండీ!” అంది. అని, మాస్టారి వంక తిరిగి నెమ్మదిగా, “ఏవండీ, ఒక బొండం కొట్టించుకు రండి” అంది.

అమ్మా, ఆ మాట వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. వెటకారానికి అనలేదు ఆవిడ. నా మర్యాద కాపాడుదామని అంది. నా ఇబ్బంది నేను చెప్పకుండానే ఆవిడకి తెలుసు. ఆయన సంచి అందుకుంటున్నారు. నేను లేచి, “మాస్టారూ, కూర్చోండి. బొండం వద్దమ్మా. ఇంట్లో ఏం వండావో అది పెట్టు” అన్నాను. ఎంత గట్టిగా అన్నానో ఏమో, పక్కింటావిడ గోడ మీంచి చూసింది.

“ఏం లేదండీ ఇవాళ. గోంగూరలో ఎండు రొయ్యలు వేశాను, చారు” అంది. “గోంగూర ఉన్నాక ఏం లేదంటావేంటమ్మా!” అన్నాను.

పీట వేసింది. ఆకు వేసింది. మాస్టారు పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నేను కళ్ళు తెరుచుకునే ఉన్నాను. ముద్ద కలిపాను. గొంతు, గొంతు, గొంతు అనుకుంటున్నాను లోపల. నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పమ్మా! నేను వచ్చిన కంగారులో రెండోసారి వేసేసినట్టుంది. నాగాయలంక సముద్రం మొత్తం ఆ గోంగూరలో ఉంది! అబ్బా ఇంత ఉప్పేంటి అనుకుంటుండగానే ముద్ద దిగిపోయింది. ఎప్పుడు దిగిందో చూసుకోలేదు. గొంతు కాపలా కాస్తూ కూర్చున్నవాణ్ణి, నాలుక కేసి తిరిగిపోయాను.

ఆవిడ గుమ్మం పట్టుకుని నా మొహమే చూస్తోంది. “ఎలా ఉందండీ?” అంది. నాకు నోరు ఆగదని నీకు తెలుసు కదా. “రమణమ్మా, ఉప్పు రెండుసార్లు పడిందమ్మా” అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. మొదటిసారి తింటూ, పిల్లనివ్వబోయే ఇంట్లో, ఇదా నేను అనవలసిన మాట! మాస్టారు ఒక ముద్ద తిని చూసి, “ముప్పై ఏళ్ళుగా నేననలేని మాట, మీరు కూర్చున్న నిమిషంలో అనేశారండీ” అని ఆకు ముందే పడీ పడీ నవ్వారు. రమణమ్మ గారు చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను. కళ్ళు తుడుచుకుంటోంది.

“ఏడిపించానా అమ్మా?” అన్నాను.

“లేదన్నయ్యగారూ. మా ఇంటికి చాలామంది పెద్దలొచ్చారు. గుమ్మంలో నిలబడి వాసన చూసి, అద్భుతం రమణమ్మా అని వెళ్ళిపోయారు. ఉప్పెక్కువైందని ఎవరూ అనలేదండీ. తింటేగా తెలియడానికి” అంది.

ఇంకో రెండుసార్లు పెట్టించుకున్నాను. అంత ఉప్పూ తిన్నాను. ఇప్పటికి మూడు చెంబులు నీళ్ళు తాగాను. ఇంకా దాహం తీరలేదు, సంతోషమూ తీరలేదు. జీవన్‌తో చెప్పు, పదిహేనో తారీఖున ముహూర్తాల మాట కూడా మాట్లాడుకుందామని. మీ అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు. ఎరువుల బస్తా లేకుండా ఇంటికెళ్తే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు.

ఉండు, రమణమ్మ గారు పిలుస్తోంది. టీ పెట్టిందట. ఇందులో ఏం రెండుసార్లు వేసిందో చూసొస్తాను.

నీ నాన్న,
శోభనాద్రి.